పసుపు గోడ సెట్టు డైరీ: దయ్యం రాకుండా గది కట్టడం

విజయనగరంలో మా చిన్న నాటక బృందం అమెరికా రచయిత్రి షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ కథ 'ది ఎల్లో వాల్‌పేపర్'ని ఒక్క మనిషి నటించే గంట నాటకంగా వేస్తోంది. గోడ కట్టే పని నాది. 1892లో అచ్చయిన కథ, రచయిత్రి 1935లోనే పోయారు కాబట్టి హక్కుల గొడవ లేదు, తెలుగు స్క్రిప్టు మేమే రాసుకున్నాం. ఇంకెవరైనా ఈ కథ వెయ్యాలనుకుంటే మా కొలతలు తీసుకోండి, మేం పారేసిన సామాను మాత్రం మీరు కొనకండి.

కథ తెలియని వాళ్లకి టూకీగా. కొత్తగా బిడ్డని కన్న ఇల్లాలు. మొగుడు జాన్ డాక్టరు. ఆవిడ నరాలకి విశ్రాంతి కావాలని వేసవి మూడు నెలలకి ఒక పాత బంగళా అద్దెకి తీసుకుంటాడు. మేడ మీద గది, కిటికీలకి ఊచలు, గోడలకి ఇనప రింగులు, నేలకి మేకులు కొట్టేసిన మంచం. రాయకూడదు, పని చెయ్యకూడదు, మనుషుల్ని ఎక్కువ చూడకూడదు. ఆవిడ దొంగచాటుగా రాసుకున్న కాగితాలే ఆ కథ. చూడ్డానికి ఇంకేం లేక గోడకున్న పసుపు కాగితాన్నే చూస్తూ ఉంటుంది. ఆ డిజైను వెనకాల ఒక ఆడది నక్కి ఉన్నట్టు, బయటికి రావాలని ఊపుతున్నట్టు కనపడ్డం మొదలవుతుంది. చివరికి తలుపు తాళం వేసేసి, తాళంచెవి కిందకి విసిరేసి, కాగితం పీకేసి గోడ వెంబడి పాకుతూ ఉంటుంది. జాన్ లోపలికొచ్చి చూసి మూర్ఛపోతాడు. దారికి అడ్డంగా పడ్డాడు కాబట్టి ప్రతిసారీ అతని మీంచే పాకాల్సి వస్తోందని విసుక్కుంటుంది.

వేరే కథలూ చూశాం. కేట్ షోపాన్ 1894లో రాసిన 'ది స్టోరీ ఆఫ్ యాన్ అవర్' మరీ చిన్నది. టాగూర్ కాదంబిని కథ, బతికుండగానే చచ్చిందనుకున్న వితంతువుది, అదీ 1892 కథే, కానీ దానికి శ్మశానం కావాలి, ఇల్లు కావాలి, జనం కావాలి. దీనికి ఒక గది, ఒక మనిషి చాలు. మన ఊళ్లో కన్యాశుల్కం మొదటిసారి స్టేజీ ఎక్కిందీ 1892లోనే, ఆ మాట బృందంలో ఎవరో అన్నాక ఇంక వేరే కథ మాట ఎత్తలేదెవరూ.

మేం పెట్టుకున్న షరతు ఒక్కటే. చూసినవాళ్లు "దయ్యం నాటకం బాగుంది" అంటూ బయటికి వెళ్లకూడదు. కింద రాసిన మార్పుల్లో సగానికి పైగా ఈ షరతు కోసం చేసినవే.

దశ 1: చట్రాలు

పలక ఒక్కోటి 8 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు. వెనక గోడకి 3, పక్క గోడలకి రెండేసి, మొత్తం 7. అంటే 224 చదరపు అడుగుల గోడ. రీపరు అంగుళంన్నర మందం, మూలలకి ప్లైవుడ్ త్రికోణాలు, పలకకీ పలకకీ మధ్య బందులు, ట్రాలీ ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్లేలా.

ఫ్లెక్సు మీద డిజైను ప్రింటు చేయించేద్దామని సలహాలొచ్చాయి, చవక కూడా. వద్దన్నాం. ఫ్లెక్సు లైటు పడితే మెరుస్తుంది. ముఖ్యంగా చిరగదు. ఈ కథలో కాగితం పరపరా చిరిగే చప్పుడు లేకపోతే చివరి పావుగంట లేనట్టే.

చట్రాల మీద గోనె పట్టా బిగించి దానిమీద కాగితం అంటించాలని ప్లాను. జూట్ మిల్లు ఊరు నెల్లిమర్ల పక్కనే ఉండగా గోనెకి లోటేముంది అనుకున్నాం. తడి మైదా పట్టించగానే గోనె బిగుసుకుపోయి చట్రాన్ని మెలితిప్పేసింది, ఒక పలక మూల నేలనించి అంగుళంన్నర లేచిపోయింది. వడ్రంగి మావయ్య చూసి "ఏటి బావూ ఇది, తలుపనుకున్నావా తెరచాపనుకున్నావా" అని నవ్వేసి, ప్రతి పలక వెనకా మూలనించి మూలకి అడ్డకర్ర కొట్టాడు. తర్వాత చేసినవి సరిగ్గా వచ్చాయి:

1. గోనె వదులుగా కొట్టండి, బిగించి కాదు.
2. ముందు పల్చటి గంజి రెండువైపులా పట్టించి నీడలో ఆరబెట్టండి.
3. ఆరాక మాత్రమే అడ్డకర్ర మేకులు పూర్తిగా దిగ్గొట్టండి.
4. ఆ తర్వాతే కాగితం.

కర్ర, మేకులు, బందులు 6,400. గోనె 1,900. కూలి 2,000.
ఇప్పటిదాకా: 10,300 రూపాయలు.

దశ 2: కాగితం, మైదా

తెల్ల చార్టు కాగితాలు కట్టలు కట్టలు తెచ్చాం, ఒక పలక నిండా అంటించేశాం కూడా. ఆ సాయంత్రం లైట్ల కుర్రాడు దొంగనోట్లు చూసే చిన్న యూవీ టార్చి తెచ్చి గోడ మీద వేస్తే గోడంతా నీలంగా భగ్గుమంది. తెల్ల కాగితం ఇంకా తెల్లగా కనపడ్డానికి అందులో మెరుపు రసాయనం కలుపుతారు, యూవీ కింద అది నీలంగా వెలుగుతుంది. మేం వెలిగించాలనుకున్నది పసుపుని. ఆ నీలం ముందు పసుపు ఎక్కడ ఆనుతుంది?

ఆ టార్చి జేబులో వేసుకుని స్టేషనరీ షాపులన్నీ తిరిగాం. షాపాయనకి మేం ఏదో తనిఖీకి వచ్చినవాళ్లలా కనపడి ఉంటాం. బ్రౌన్ పేపరు వెలగదు, కానీ దానిమీద పసుపు రంగు మట్టికొట్టుకుపోతుంది. చివరికి దొరికింది న్యూస్‌ప్రింటు, ప్రెస్సుల్లో రోలు చివర మిగిలిపోయే ముక్కలు. వెలగదు, పీల్చుకుంటుంది, చక్కగా చిరుగుతుంది, ఎండలో పెడితే దానంతటదే ముసలి రంగు తిరుగుతుంది. తడికి నిలవదు కాబట్టి అడుగున బ్రౌన్ పేపరు, పైన న్యూస్‌ప్రింటు.

మైదా పేస్టు: గ్లాసు మైదాకి 5 గ్లాసుల నీళ్లు, ఉండలు కట్టకుండా కలుపుతూ సన్న సెగ మీద అద్దంలా అయ్యేదాకా. పురుగు పట్టకుండా బైండింగువాళ్లు మైలుతుత్తం వేస్తారు కదా, మేమూ వేశాం. అది తర్వాత కొంప ముంచింది. తుత్తం ఊరి పైకొచ్చిన చోటల్లా పసుపు వెలగడం మానేసింది, గోడ మీద గుండ్రటి నల్ల మచ్చలు. తుత్తంలో ఉన్న రాగి, పసుపులో వెలిగే కర్‌క్యుమిన్‌తో కట్టుకుపోయి దాని వెలుగు చంపేస్తుంది. తుత్తం మానేసి చెంచాడు పటిక వేశాం, మచ్చలు లేవు. తుత్తం విషం కూడా, ఎలాగూ వంటింటి గిన్నెల దగ్గరికి రానివ్వకూడదు.

వాన ముసురు పట్టిన రోజుల్లో మైదా పులిసింది. గదంతా పులుపు, పచ్చి పసుపు కలిసిన వాసన. తలుపు తియ్యగానే మొహాన కొట్టేది. కథలో కూడా ఆవిడ ఆ కాగితానికి ఒక పసుపు రంగు వాసన ఉందని, అది ఇల్లంతా తిరుగుతోందని, జుట్టులో కూడా పట్టేసిందని అంటుంది. నటించే టీచరుగారు మాత్రం ఆ వాసన పోగొట్టడానికి ఒప్పుకోలేదు. ముందు వరస ప్రేక్షకులకి కూడా కొంచెం తగలనీ అన్నారు.

న్యూస్‌ప్రింటు, బ్రౌన్ పేపరు 1,450. మైదా, తుత్తం, పటిక 240. దండగైన తెల్ల చార్టులు 600.
ఇప్పటిదాకా: 12,590.

దశ 3: పై డిజైను

కథలో ఆవిడ కొంచెం డిజైను సూత్రాలు తెలిసిన మనిషి. ఈ కాగితం మీద గీతలకి ఏ సూత్రమూ లేదు, పునరావృతం లేదు, అటూ ఇటూ సమానం లేదు అని చిరాకు పడుతుంది. మేం మొదట పాత ఇంగ్లీషు వాల్‌పేపర్ల పువ్వులూ తీగలూ వేసి చూశాం. చూసినవాళ్లకి పెళ్లి మండపం డెకరేషను గుర్తొచ్చింది.

రెండోది మెలికల ముగ్గు. చుక్కలు పెట్టి, వాటి చుట్టూ గీత తిప్పుకుంటూ పోయాం. అందంగా వచ్చింది, అదే దాని లోపం, సంక్రాంతి కళ వచ్చేసింది. అప్పుడు చుక్కలు చెడగొట్టాం. 9 అంగుళాలకో చుక్క ఉండాల్సిన వరసల్లో మూడో చుక్కని అంగుళంన్నర పక్కకి జరిపి, ఐదో వరస మొత్తం అర చుక్క కిందకి దింపి, గీత మాత్రం నియమం ప్రకారమే తిప్పుకుంటూ పోయాం. మెలికల ముగ్గులో గీత చివరికి బయల్దేరిన చోటుకి రావాలి. ఇది రాదు. హాలు ఊడ్చే అమ్మ చీపురు పట్టుకుని చాలాసేపు నిలబడి వేలితో గాల్లో ఆ గీత వెంబడే వెళ్లి, "ఇదేటమ్మా, ఈ గీత కలవదేటి? యెక్కడికెల్తాదిది?" అనడిగింది. మళ్లీ మొదట్నుంచీ వేలు తిప్పడం మొదలెట్టింది.

డిజైను ఖాయం చేశాం. ముగ్గు వేసిన చెయ్యి ఏదైనా సరే ఆ గీత వెనకాల పోకుండా ఉండలేదు. కథలో ఆవిడ గంటల తరబడి పడుకుని చేసేది సరిగ్గా ఇదే, గీత ఎక్కడో ఒకచోట తేలాలి అని దాని వెంట పోవడం. చేతికి ఇంకో పని లేని మనిషి అంతకన్నా ఏం చేస్తుంది.

ఇంకో మార్పు: నిలువు గీతల్ని 3 అంగుళాల మందం చేశాం, అడ్డగీతలు అరంగుళమే. పగటి లైటులో ఈ తేడా తెలీదు. రాత్రి సీనులో నిలువు గీతలు మాత్రమే నల్లగా నిలబడి ఊచల్లా కనపడాలి, కథలో వెన్నెల రాత్రి అలాగే కనపడతాయి. రంగు మామూలు పోస్టర్ కలరు, మురికి పచ్చ కలిసిన పసుపు. ఇది ముందే ఇంట్లో ఉంది కాబట్టి లెక్కలో వెయ్యలేదు. పై డిజైను వేసేది దశ 4 అంతా అయ్యాకే అని గుర్తుంచుకోండి.

దశ 4: వెనక మనిషి

మొత్తం పనిలో దీనికే ఎక్కువ కష్టపడ్డాం.

కథలో ఆ వెనక బొమ్మ అన్ని వెలుతుర్లలో కనపడదు. కాగితం వెలిసిపోని చోట్ల, ఎండ ఒక రకంగా పడినప్పుడు మాత్రమే తెలుస్తుంది. పసుపుకి ఆ గుణం సహజంగానే ఉంది. ఎండకి వెలిసిపోతుంది, పసుపు బట్ట దండెం మీద ఆరేసిన ఏ ఇల్లాలికైనా తెలుసు. యూవీ లైటు పడితే వెలుగుతుంది. కాబట్టి కాగితం నిండా పసుపు పూసి, మనిషి ఆకారంలో నల్ల కాగితం కప్పి ఎండలో పెడితే, చుట్టూ వెలిసిపోయి మనిషి మాత్రం మిగులుతుంది. మొక్కల రంగులతో ఎండలో బొమ్మ తీసే పద్ధతి ఇది, ఆంథోటైప్ అంటారు, 1840లలోనే జాన్ హెర్షెల్ అనే శాస్త్రవేత్త దీనిమీద ప్రయోగాలు చేశాడు.

ముందు ప్యాకెట్టు పసుపుతో చేశాం. పొద్దుటినించి సాయంత్రం దాకా మేడ మీద ఎండబెట్టినా రంగు ఇసుమంత తగ్గలేదు. అందులో ఏ రంగు కలిపారో మరి. తర్వాత పాడేరు వైపు ఏజెన్సీ పసుపు కొమ్ములు కొని మరలో పట్టించి అదే పని చేస్తే మధ్యాహ్నానికే వెలిసింది. పద్ధతి ఇది:

1. పొడి 100 గ్రాములు, సర్జికల్ స్పిరిట్ అర లీటరు, గాజు సీసాలో పోసి మూత బిగించి రాత్రంతా ఉంచండి.
2. పాత లుంగీ గుడ్డ రెండు మడతల్లో వడకట్టండి. మడ్డి పడితే కాగితం మీద గింజలు కడుతుంది.
3. సాయంత్రం, కిటికీలు బార్లా తెరిచి, దగ్గర్లో పొయ్యి గానీ అగరొత్తి గానీ లేకుండా చూసుకుని, వెడల్పు బ్రష్షుతో రెండు పూతలు. స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది.
4. చీకట్లోనే ఆరనివ్వండి.
5. మర్నాడు నల్ల చార్టు బొమ్మ పెట్టి, పైన గాజు పలక పెట్టి, అంచులకి ఇటుకలు పెట్టండి.
6. పది గంటల నించి ఒంటిగంట దాకా. మబ్బు పడితే ఆ పూటకి ఆపెయ్యండి, సగం వెలిసినదాన్ని మర్నాడు కొనసాగిస్తే అంచులు రెండు పడతాయి.
7. తియ్యగానే నల్లగుడ్డలో చుట్టెయ్యండి.

గాజు పలక లేకుండా చేసినవన్నీ పోయాయి. సముద్రం గాలి మధ్యాహ్నానికి మేడ మీద బాగా వీస్తుంది, నల్ల చార్టు అంచు వేలెడు లేచినా చాలు, బొమ్మ భుజం పొగలా అయిపోతుంది.

బొమ్మ ఆకారం మీద గొడవైంది. మొదట కత్తిరించింది నిలబడ్డ మనిషి, జుట్టు విరబోసుకుని. వెలిగించి చూస్తే సాక్షాత్తూ దయ్యం, రిహార్సలుకి వచ్చిన పిల్లలు కెవ్వుమన్నారు. కథ చూస్తే ఆ ఆడది వంగి, నక్కి, పాకుతూ ఉంటుంది. టీచరుగారే నేల మీద బ్రౌన్ పేపరు పరిచి దానిమీద పక్కకి తిరిగి ముడుచుకుని పడుకున్నారు, చుట్టూ పెన్సిలు తిప్పాం. 3 అడుగుల ఎత్తు వచ్చింది. చెయ్యి ఒకటి ముందుకి. ఆవిడ ఒంటి కొలతే కాబట్టి, చివర్లో ఆవిడ గోడ పక్కన ముడుచుకున్నప్పుడు గోడ మీది మనిషీ ఆవిడా ఒకే సైజులో ఉంటారు. ఇది ముందు ఆలోచించి చేసింది కాదు గానీ నాటకంలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే.

పనికిరాని ప్యాకెట్టు పసుపు 180. కొమ్ములు 600, మర 60. స్పిరిట్ 1,250. గాజు పలక ఫోటో ఫ్రేములు కట్టే అన్నయ్య అరువిచ్చాడు.
ఇప్పటిదాకా: 14,680.

దశ 5: లైట్లు, బట్టలు

మూడు రకాల వెలుతురు కావాలి. పగలు పసుపు ఛాయ బల్బులు. పసుపు వెలుతురులో పసుపు తేడాలు కలిసిపోయి వెనక మనిషి మాయమవుతుంది. సగం కథ అయ్యాక చల్లని తెల్ల లైటు, అప్పుడు ఏదో ఉన్నట్టు అనుమానం. రాత్రికి 395 నానోమీటర్ల యూవీ ఫ్లడ్ లైట్లు రెండు, 50 వాట్లవి. ఇంకా తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్నదైతే ఊదారంగు బయటికి తెలియకుండా ఉంటుంది గానీ ధర ఎక్కువ, పసుపుకి 395 సరిపోతోంది.

యూవీ ఒక్కసారి వేస్తే హాలంతా "అమ్మో" అంది. చప్పట్లు కూడా కొట్టారు. ఆ చప్పట్లే మాకొద్దు. అందుకని మెల్లగా పెంచుదామంటే డిమ్మరుకి ఈ లైట్లు టపటపా కొట్టుకున్నాయి, డిమ్మరు డబ్బులు వృథా. చివరికి లైటు ముందు అట్టముక్క తలుపు పెట్టి, దానికి పురికొస కట్టి, చేత్తో లాగుతున్నాం. పూర్తిగా తెరుచుకోవడానికి 6 నిమిషాలు. ఏ క్షణాన కనపడిందో ఎవరూ చెప్పలేకపోతున్నారు. పక్కవాణ్ని "నీకు కనపడుతోందా" అని అడుగుతున్నారు. ఆవిడ కూడా మొగుడు నిద్రపోయాక అదే అవస్థలో ఉంటుంది.

బట్టల సంగతి ఎవరూ ఊహించలేదు. టీచరుగారి తెల్లచీర యూవీలో నీలంగా వెలిగింది, గోడ మీది మనిషి కన్నా ఎక్కువగా. డిటర్జెంటు పౌడర్లలో ఉండేదీ ఆ మెరుపు మందే. కుంకుడుకాయ రసంతో ఎన్నిసార్లు ఉతికినా పూర్తిగా వదల్లేదు. చలవ చెయ్యని కొత్త నేత బట్ట దొరికితే టార్చి వేసి చూశాం, వెలగలేదు. పొందూరు ఖద్దరు చీర ఒకటి బృందంలో ఒకరి అమ్మమ్మగారిది దొరికింది, ఎప్పుడూ కుంకుడుకాయతోనే ఉతికిందట, అదీ వెలగలేదు, అదే ఖాయం. రవిక గుడ్డ మాత్రం కొన్నాం. పళ్లు కూడా వెలుగుతాయి! అందుకే లైటు పైనించి గోడకే పడేలా అట్ట అడ్డుపెట్టి, ఆవిడ గోడకి 3 అడుగుల దూరంలో నిలబడేలా నేల మీద టేపు వేశాం. ఆ లైటులోకి ఎవరూ తిన్నగా చూడకూడదు, ముఖ్యంగా నిచ్చెనెక్కి సర్దే కుర్రాడు.

యూవీ లైట్లు 2,700. డిమ్మరు, వైరు 900. రవిక గుడ్డ 650.
ఇప్పటిదాకా: 18,930.

దశ 6: కింద గీత

కథ మధ్యలో ఆవిడ ఒకటి గమనిస్తుంది. గోడకి బాగా కింద, గది చుట్టూ ఒక రాపిడి మరక, మంచం వెనక తప్ప అన్నిచోట్లా. ఎవరు చేశారో ఎందుకు చేశారో అని తలబద్దలు కొట్టుకుంటుంది. చివర్లో ఆవిడ పాకుతున్నప్పుడు ఆవిడ భుజం సరిగ్గా ఆ మరకలో ఇమిడిపోతుంది.

మొదట 22 అంగుళాల ఎత్తున వేశాం, చేతులు మోకాళ్ల మీద పాకితే టీచరుగారి భుజం అక్కడికి వస్తుంది. ప్రేక్షకుల్లోంచి చూస్తే అది మరకలా లేదు, బార్డరు వేసినట్టుంది. మోచేతుల మీద పాకమన్నాం. భుజానికి సుద్ద రాసి గోడ వెంబడి పాకిస్తే 14 అంగుళాల దగ్గర గీత పడింది. 13 నించి 15 దాకా మరక వేశాం, మంచం వెనక వదిలేసి. మోచేతులకి లోపల స్పాంజి ముక్కలు కుట్టాల్సి వచ్చింది, లేకపోతే తోలు ఊడుతోంది.

మిగతా గోడకి పసుపు రాలకుండా పల్చటి గంజి చల్లాం. ఆ రెండు అంగుళాల మరక మీద మాత్రం చల్లలేదు. అక్కడ పసుపు ఇంకా రాలుతుంది, పాకిన ప్రతిసారీ ఖద్దరు చీర భుజం మీద పచ్చటి చార. కథలో ఆడపడుచు జెన్నీ ఫిర్యాదు చేసేది అదే, ఆవిడ బట్టలకీ జాన్ బట్టలకీ పచ్చ మరకలు అంటుతున్నాయి, కాస్త జాగ్రత్తగా ఉండమని. అమ్మమ్మగారికి చీర ఎలా తిరిగివ్వాలా అని ఒక టెన్షన్ ఉంది.

ఇంకో చిన్న సంగతి. ఆవిడ గదిలో అడుగుపెట్టే నాటికే మంచం తలగడ చుట్టూ చేతికందినంత మేర కాగితం చిరిగి ఉంటుంది, ఎదుటి గోడకి కింద ఒక పెద్ద ముక్క పోయి ఉంటుంది. పిల్లలు చింపారనుకుంటుంది. కొత్త గోడని చేత్తో చింపడానికి మనసొప్పలేదు గానీ చింపాం.

దశ 7: జాన్ గొంతు

జాన్ స్టేజీ మీదకి రాడు, గొంతు మాత్రమే స్పీకర్లో. దీనికి ఖర్చు లేదు, తలనొప్పి మాత్రం గోడకన్నా ఎక్కువ.

మొదటి రికార్డింగు గద్దించే గొంతు. విన్నవాళ్లు మొదటి మాటకే "దుర్మార్గుడు" అని తేల్చేసి హాయిగా కూర్చున్నారు. ఎవరి ఇంట్లోనూ అలాంటివాడు లేడు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. కథలో జాన్ అలా ఉండడు. భార్యని ఎత్తుకుని మేడమీదకి తీసుకెళ్తాడు, ఆవిడ తల అలిసిపోయేదాకా పక్కన కూర్చుని చదివి వినిపిస్తాడు, ముద్దుపేర్లు పెట్టి పిలుస్తాడు. ఆవిడ గది మార్చమంటే నవ్వుతాడు, నాకు ఒంట్లో బాగోలేదంటే బాగానే ఉన్నావంటాడు. అన్నీ ఆవిడ మంచికే. మళ్లీ రికార్డు చేశాం, ఈసారి రోగులతో ఎంతో ఓపిగ్గా మాట్లాడే ఒక పెద్దాయన చేత. మాత్ర అరచేతిలో పెట్టి నీళ్ల గ్లాసు అందించే గొంతు అది. విని ఒక అత్తగారు "మంచోడే కదమ్మా, మరి ఈ పిల్ల ఇలగెందుకైపోనాదీ" అంది. నాటకం అయ్యాక జనం అడగాలనుకున్నది ఆ ప్రశ్నే.

గిల్మన్ ఇది గాల్లోంచి తియ్యలేదు. 1885లో కూతురు పుట్టాక ఆవిడ కుంగిపోయారు. 1887లో ఫిలడెల్ఫియాలో వైర్ మిచెల్ అనే పేరుమోసిన నరాల డాక్టరు దగ్గర విశ్రాంతి వైద్యం చేయించుకున్నారు. మంచం దిగకూడదు, బాగా తినాలి, ఒళ్లు పట్టించుకోవాలి, మనుషులకి దూరంగా ఉండాలి. ఇంటికి పంపిస్తూ, ఇంటిపనిలోనే మునిగి ఉండు, బుర్రకి పని రోజుకి రెండు గంటలకి మించొద్దు, బతికున్నంతకాలం కలం ముట్టుకోకు అని చెప్పాడట. 1913లో ఆవిడే రాసుకున్నారు ఈ సంగతంతా. ఆ సలహా పాటించి మతిపోయే అంచుదాకా వెళ్లి, దాన్ని అవతల పారేసి మళ్లీ పని మొదలుపెట్టాకే కోలుకున్నారట. కథ అచ్చయ్యాక ఒక ప్రతి ఆ డాక్టరుకే పంపించారు. కథలో కూడా అతని పేరు ఉంది, కోలుకోకపోతే అతని దగ్గరికి పంపిస్తానని జాన్ అంటాడు. ఆ వాక్యం స్క్రిప్టులోంచి తీసేద్దామని ఒకరన్నారు, ఇక్కడెవరికీ తెలీదు కదా అని. ఉంచాం. పేర్లేవీ మార్చలేదు, జాన్‌ని జగన్నాథరావు చెయ్యలేదు.

గురజాడవారి మెటిల్డా కూడా ఇంట్లో కట్టడి చేసిన భార్య కథే. అక్కడ వయసుమళ్లిన అనుమానపు మొగుడు, చెప్పేది బయటినించి చూసే కుర్రాడు. ఆ ఇంటి లోపల ఆవిడ మనసులో ఏం జరుగుతోందో మనకి నేరుగా అందదు. గిల్మన్ కథలో తలుపు అవతల మనం లేం, లోపలే ఉన్నాం. మొగుడి మీద కోపం తెచ్చుకోడానికి బయట నిలబడ్డవాడికి వీలుంది, లోపలున్న ఆవిడకి లేదు, అంత ప్రేమగా చూసుకునేవాడి మీద కోపం వస్తున్నందుకు తననే తిట్టుకుంటుంది.

రిహార్సలు చూసిన ఆడవాళ్లు చాలామంది బాలింత గది గుర్తు చేశారు. చెవుల్లో దూది, మూసిన కిటికీ, కాయం, పత్యం. పోలిక కొంతవరకే. మన బాలింత చుట్టూ అమ్మో అమ్మమ్మో ఉంటుంది, ఎత్తుకోడానికి బిడ్డ ఒళ్లో ఉంటుంది. ఆ కథలో బిడ్డ కూడా వేరే మనిషి చేతుల్లో ఉంటాడు. కానీ పురుడయ్యాక ఏడుస్తూ కూర్చుంటే "గాలి సోకింది" అని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లిన సంగతులు ఇద్దరు ముగ్గురు చెప్పారు. దయ్యం నాటకం కాకూడదని మేం అంత పట్టుబట్టింది ఇందుకే కూడా. హాలు బయట బోర్డు మీద టెలి మానస్ నంబరు 14416 రాసి పెడుతున్నాం, ప్రభుత్వం నడిపే ఉచిత మానసిక ఆరోగ్య ఫోను, తెలుగులో మాట్లాడతారు.

దశ 8: చింపడం

ప్రతి ప్రదర్శనకి చిరిగేది మధ్య పలక ఒక్కటే, మిగతావి చెక్కుచెదరకూడదు.

1. మధ్య పలక మీద న్యూస్‌ప్రింటుని 6 అంగుళాల నిలువు పట్టీలుగా వేస్తాం.
2. పట్టీ పై అంచుకీ, ప్రతి అడుగుకో చోటా మాత్రమే రూపాయి బిళ్లంత మైదా.
3. పై అంచు ఆవిడ చెయ్యి ఎత్తితే అందే 6 అడుగుల 4 అంగుళాల దగ్గర ఆపేస్తాం. పైన మిగిలిన కాగితం ఆవిడకి అందదు, ఆ చికాకు నటించక్కర్లేదు.
4. పట్టీల కింద గోడకి నల్లరంగు. కాగితం పోయాక వెనక ఎవరూ లేరు, ఏమీ లేదు.

నాలుగోది చాలా వాదనయ్యాక తేలింది. చింపిన చోట వెలిగే బొమ్మ ఇంకోటి పెడదామని లైట్ల కుర్రాడు. పెడితే మళ్లీ దయ్యమే, నిజంగానే ఎవరో ఉన్నారని చెప్పినట్టవుతుంది. నలుపే ఉంది.

మైదా మరీ తక్కువైతే ఫ్యాను గాలికే పట్టీలు ఊడి పడుతున్నాయి, సగం నాటకంలో ఒకటి పడింది. హాల్లో ఫ్యాన్లు ఆపించే ఏర్పాటు చేసుకోండి, ముందు వరసవాళ్లకి విసనకర్రలివ్వండి.

ఒక ప్రదర్శన పట్టీలకి 310.
మొత్తం ఇప్పటిదాకా: 19,240 రూపాయలు.

ఇంకా తేలనివి

తెల్ల ఎల్ఈడీ కింద కూడా వెనక మనిషి కొద్దికొద్దిగా వెలిసిపోతోంది. ప్రదర్శన లేనప్పుడు పలకలన్నీ నల్లగుడ్డలో ఉంటున్నాయి, అయినా మొదట చేసినవాటికీ నిన్న చేసినవాటికీ తేడా కంటికి తెలుస్తోంది. ఎండలు ఉండగానే ఇంకో జత చేసి పెట్టుకోవాలి.

శ్రీకాకుళంలో వెయ్యమని అడిగారు. ట్రాలీ ఆటోకి డెబ్బై కిలోమీటర్ల దాకా దూరం, పలకలకీ పలకలకీ మధ్య పాత దుప్పట్లు వెయ్యాలి, గంజి చల్లని ఆ కింది మరక ఒకదానికొకటి రాసుకోకుండా అక్కడ చెక్క బద్దీలు కొట్టాలి. అక్కడి స్టేజీ లోతు మనదానికన్నా తక్కువట. పక్క గోడలు కొంచెం విప్పి పెడితే సరిపోతుంది కానీ అప్పుడు యూవీ లైటు పక్క పలక చివరి అడుగుకి అందదు. మూడో లైటు కొనాలా, లేక పక్క గోడకి ఒక పలక తగ్గించి గది ఇరుకు చెయ్యాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. టీచరుగారు ఇరుకే మంచిదంటున్నారు.